తీపితో మాన్పించిన మనిషి

మొన్న మా అమ్మాయి బలవంతం మీద వైద్యపరీక్షలకు వెళ్ళాను. బల్లకు ఆవల కూర్చున్న యువవైద్యుడు అడగవలసినవన్నీ అడిగి, చివరకు కాగితం మీదినుంచి తల ఎత్తకుండానే, మద్యం అలవాటు ఉందా అన్నాడు. లేదన్నాను. ఏదో గీత గీసి తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న నన్ను తాకనైనా తాకలేదు. కాని ఇంటికి వచ్చేదాకా కారులో నేను ఇంకొకరి సంగతే తలచుకుంటూ వచ్చాను. ఇదే ప్రశ్న ఒకనాడు నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని నిలువునా కోసింది. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఉన్నన్నాళ్ళూ ఆయనను పేరుపెట్టి పిలిచినవారిని నేను చూడలేదు. దుబాయ్‌లోని ఆ కూలీల క్యాంపులో అందరికీ ఆయన కాక, అంటే చిన్నాయన. నాకంటె పదిహేనేళ్ళు చిన్నవాడైనా నా మనసులో కూడా ఆయన కాకగానే నిలిచిపోయాడు.

ఆయనను చూడగానే కనిపించేది పొట్ట. కాళ్ళూ చేతులూ సన్నగా, ఎండకు కాగి, ఎండుకట్టెల్లా ఉండేవి. పొట్ట మాత్రం వేరొకరి దగ్గర అరువు తెచ్చుకున్నట్టు ముందుకు వచ్చి నిలిచేది. చొక్కా ఎడమ జేబులో రెండు ఫోన్లు, కుడి జేబులో గుప్పెడు చాక్లెట్లు. జగిత్యాల దాపున ఏదో పల్లెనుంచి షట్టరింగ్ వడ్రంగిగా వచ్చి, ఏళ్ళ తరబడి పలకలు కొట్టి, చివరకు క్యాంపు బాస్ అయ్యాడు. పేరు ఘనంగా ఉన్నా పని మాత్రం పెద్ద సంసారం ఈదటమే. గదులు, మంచాలు, నీళ్ళు, మెస్సు, జబ్బులు, జగడాలు, అన్నీ ఆయన నెత్తిమీదివే. పైనుంచి ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, తిట్టదలచుకుంటే ఆయననే తిట్టేవాడు. కిందనుంచి కూలీలు మొరపెట్టుకోదలచుకుంటే ఆయనకే పెట్టుకునేవారు. ఫోను మోగగానే ఆయన చేయి ముందు ఫోను జేబులోకి పోకుండా చాక్లెట్ల జేబులోకి పోయేది. కాగితం విప్పి, చాక్లెట్టు బుగ్గన పెట్టుకుని, ఆ తరువాత గాని హల్లో అనేవాడు కాదు. ఇదేమి అలవాటని ఒకసారి అడిగాను.

"తీపి లోపల వడితె తిట్లు జెర మెత్తగ వినవడతయ్ సారూ" అన్నాడు.

ఆయనతో నాకు పరిచయమైన తీరు కూడా చెప్పదగినదే. నా భార్య పోయిన తరువాత, రెండువేల పదిలో, నేను అమ్మాయి దగ్గరకు వచ్చేశాను. మా అల్లుడు పనిచేసే నిర్మాణసంస్థవారి క్యాంపు అల్ కుసైస్‌లో మేముండే భవనానికి నడిచిపోయే దూరం. కొత్తలో పొద్దుపోక, బాల్కనీలో కూర్చుని కంఠస్థమైన పద్యాలు పైకి చదువుకునేవాణ్ణి. అల్లుడితో ఏదో పని ఉండి వచ్చిన ఆయన, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పద్యం ముగిసేదాకా అక్కడే నిలబడి విన్నాడు. అర్థమైందా అని నేను అడగబోయేంతలో, దీనికి కథ ఉంటదా అని ఆయనే అడిగాడు. ఉంటుందన్నాను. పెద్ద కథేనా అన్నాడు. చెప్పినకొద్దీ తరగదన్నాను. ఆ మాటకు ఆయన ముఖం వికసించింది. అయితే శుక్రవారం సాయంత్రం తమ మెస్సు హాలుకు వచ్చి ఆ కథ చెప్పాలన్నాడు. దైవభక్తి కలవాడు కాబోలనుకుని, ఎంతసేపు చెప్పాలని అడిగాను.

"బండి పోయేదంక" అన్నాడు.

ఆ బండి సంగతి నాకు తరువాత తెలిసింది. శుక్రవారం క్యాంపుకు సెలవు. ఆనాడు మనుషులు బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్లు చేసుకుని, ఆ ఫోన్లలో విన్నవాటితో మనసు పాడుచేసుకుని, మంచాల మీద ఊరకే కూర్చుని ఉండే వేళకు, సాయంత్రపు అసరు నమాజు పిలుపు ముగిసిన కాసేపటికి, గేటు బయట ఒక తెల్లని వ్యాను వచ్చి హారను కొట్టేది. అది మందు సులువుగా దొరికే ఉమ్ అల్ క్వైన్ పోయేది. ఆ దారిన పోయినవారు రాత్రికి సీసాలతో తిరిగివచ్చి, తెల్లవారేసరికి కొట్టుకునో ఏడ్చుకునో ఉండేవారు. పనికి లేవలేనివాణ్ణి ముదీర్ ఇంటికి పంపించిన సందర్భాలూ ఉన్నాయి. ఆ వ్యాను ఒక హారను కొట్టి, మనుషుల కోసం కొంచెంసేపు ఆగి, రెండవ హారనుతో వెళ్ళిపోయేది. ఆ రెండు హారనుల మధ్య కాలాన్ని నా పురాణంతో దాటించాలన్నది ఆయన సంకల్పం. నా జీవితంలో పురాణకాలక్షేపానికి అంత నిర్దిష్టమైన ఫలశ్రుతి చెప్పినవారు మరొకరు లేరు.

మొదటి హారను వినబడగానే చాపల మీద కూర్చున్న తలలన్నీ ఒక్కసారి వాకిలి వైపు తిరిగేవి. సరిగ్గా అప్పుడు ఆయన వంటింటి తలుపులోనుంచి స్టీలు బకెట్టుతో లోపలికి వచ్చేవాడు. అందులో గులాబీరంగు షర్బత్. పాలు, చక్కెర, ఆ చక్కెర చాలదన్నట్టు డబ్బా చిక్కటిపాలు, నానిన సబ్జాగింజలు, మంచుముక్కలు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి గ్లాసు నింపి, తన చేతిలోని గ్లాసులో కూడా కొంత పోసుకుని, ముందు తాను తాగి, ఆ తరువాత ఎదుటివాడు తాగేదాకా నిలబడి చూసి, ముందుకు సాగేవాడు. ఎంతమందికి పోస్తే అన్నిసార్లు తానూ తాగేవాడు. పంక్తి చివరకు వచ్చేసరికి ఆయన పెదవులు ఎర్రబడి ఉండేవి. ఇదెందుకని నేను అడిగితే, ఒక్కనికే ఇస్తే రోగికి ఇచ్చినట్టుంటుందని, ఇద్దరూ తాగితే దోస్తానా అవుతుందని చెప్పాడు.

ఆ పంక్తిలో అందరికంటె ముందు కూర్చునేవాడు లింగన్న. వెల్డరు. ద్వారబంధమంత మనిషి, నోరు అంతకంటె పెద్దది. కాక ఊరికి పొరుగూరివాడు. ఒకప్పుడు ఆ వ్యాను లింగన్న కోసమే వచ్చేదని క్యాంపులో చెప్పుకునేవారు. మానిన కొత్తలో చేతులు వణికి వెల్డింగ్ కడ్డీ పట్టలేకపోతే, కాక పనిచోటికే ఫ్లాస్కుతో చిక్కని కరక్ చాయ్ పంపించేవాడు. చెంచా నిలబడేంత చక్కెర ఉండేది అందులో. జేబులో వేసుకొమ్మని బెల్లంముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. తాగకుండా ఒక శుక్రవారం గడిచిందంటే నోరు తీపి చేయటం, నెల గడిచిందంటే రవ్వలడ్డు, పండుగనాటికి నిలిచి ఉంటే సేమియా పాయసం. అన్నిటిలోనూ కాక వాటా కాకకుండేది. మందు అడిగే నాలుకను తీపితో మరపించాలన్నది ఆయన ఎక్కడా చదువుకున్న వైద్యం కాదు. ఎవరి మీదనో ఒకసారి ఫలించింది, అందరి మీదా చేశాడు. నిజం చెప్పాలంటే చాలామంది మీద ఫలించింది కూడా.

లింగన్నకు నా పురాణం మీద గౌరవం ఉండేది గాని దాని నిడివి మీద లేదు. ఒకనాడు అడవిలో ఉన్న రాజు కష్టాలు నేను సవిస్తరంగా వర్ణిస్తూ ఉండగా, రెండవ హారను మోగి వ్యాను కదిలిన చప్పుడు వినబడింది.

"బండి వాయె సారూ. ఇగ ఆ రాజును ఇంటికి తోలుర్రి" అన్నాడు లింగన్న.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. రాజును ఆ పూటకు చెట్టు కింద పడుకోబెట్టి లేచాను.

ఇలా అయిదేళ్ళు గడిచాయి. ఆ తరువాత ఒక ఉదయం ఆయన మా ఇంటికి వచ్చి, ఒకచోటికి తోడు రావాలన్నాడు. కొన్నాళ్ళుగా లేస్తూనే అలసటగా ఉంటోందని, కుడిడొక్కలో బరువుగా ఉంటోందని, రక్తం చూసినవారు స్కానింగు కూడా తీయించి పెద్ద డాక్టరు దగ్గరకు పొమ్మన్నారని చెప్పాడు. క్యాంపు మనుషులను తీసుకుపోక నన్నెందుకు అడుగుతున్నాడో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆ వైద్యురాలు తెలుగమ్మాయి. మా అమ్మాయి ఈడుది. స్కానింగు చిత్రం వెలుతురుకు పెట్టి చూసి, కాలేయమంతా తెల్లగా కొవ్వు పట్టి ఉందన్నది. తరువాత ఆయన పొట్ట వైపు చూసి, "ఎన్నేళ్ళుగా తాగుతున్నారు?" అన్నది. అలవాటు ఉందా అని కాదు. ఎన్నేళ్ళుగా అని.

 ఆయన కుడిచేయి మెల్లగా వచ్చి పొట్ట మీద నిలిచింది. ఆ చేతిని చూసుకుంటూ అన్నాడు:

"మా నాయిన మందుతోని పోయిండు డాక్టరమ్మా. కడుపు కుండోలె ఉబ్బి పోయిండు. గా కడుపు మీద చెయ్యేసి సూసినోణ్ణి నేను. నేనెట్ల ముడ్తనమ్మా?"

అని లేచి నిలబడ్డాడు. పోదాం పా సారూ అన్నాడు. నేను చేయిపట్టి కూర్చోబెట్టి, ఈయన మాటకు నేను పూచీ అని ఆమెతో చెప్పాను. ఆ అమ్మాయి ఒక క్షణం మా ఇద్దరినీ చూసి, క్షమించమని అడిగి, కుర్చీ దగ్గరకు జరుపుకున్నది. అయితే పొద్దుటినుంచి ఏమేమి తింటారో, ఏమేమి తాగుతారో చెప్పమన్నది. ఆయన చెప్పటం మొదలుపెట్టాడు. బస్సులు కదలకముందు కరక్ చాయ్, దానిలోకి బిస్కెట్లు, పది గంటలకు మళ్ళీ చాయ్, ఎండ ఎక్కితే చల్లని తీపిసోడా, ఫోను మోగినప్పుడల్లా చాక్లెట్టు, పొద్దుపోయి అన్నం, శుక్రవారం షర్బత్. షర్బత్ ఎంత అన్నదామె. పంక్తి ఎంత ఉంటే అంత అన్నాడు. ఆమె కలం కింద పెట్టింది.

ఆ తరువాత ఆమె చెప్పిన సంగతి నేను మరువలేదు, విన్న తీరు అటువంటిది గనుక. కాలేయం శరీరానికి గిడ్డంగి వంటిదన్నది. వచ్చిన సరుకులో కావలసినంత బయటికి పంపి, మిగిలినది సర్ది దాచుకుంటుంది. తాగిన తీపి తిన్న తీపికంటె తొందరగా అక్కడికి చేరుతుంది, పండులో ఉండే పీచువంటిది ఏదీ దానికి అడ్డు నిలవదు గనుక. రోజూ, రోజంతా, పట్టనంత సరుకు వచ్చిపడుతుంటే గిడ్డంగి ఏమి చేస్తుంది? కొవ్వుగా మార్చి నడిచే దారుల్లో కూడా పేర్చుకుంటుంది. మద్యం చేసే హానిలో సగం ఇదే హాని. ఒక్క చుక్క ముట్టనివారికి కూడా వస్తుంది. క్యాంపు సరుకంతా గిడ్డంగిలో పేర్పించేవాడు గనుక ఆయనకు ఇది బోధపడింది. తల ఊపుతూ విన్నాడు.

అప్పుడామె ఫోన్ల సంగతి అడిగింది. రోజుకు ఎన్ని వస్తాయి, ఎవరు చేస్తారు, రాత్రి నిద్ర పడుతుందా. మనిషికి భయమో దిగులో కలిగినప్పుడు, పరుగెత్తి తప్పించుకోవలసి వస్తుందేమోనని శరీరం కాలేయంలో దాచిన చక్కెరను తీసి రక్తంలో పోస్తుందన్నది. పరుగెత్తితే అది ఖర్చవుతుంది. మీరు పరుగెత్తరు, కుర్చీలో కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంటారు. ఖర్చుకాని ఆ చక్కెర మళ్ళీ కొవ్వుగా మారి, తిరిగి తిరిగి పొట్టకూ కాలేయానికీ చేరుతుంది. ఒక రోజు రెండు రోజులు కాదు, ఏళ్ళ తరబడి ఇదే జరుగుతోందన్నది.

ఆయన జేబులోని ఫోన్లను ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"అంటే అమ్మా, ముదీర్ తిట్లు సుత కార్జంల కొవ్వయితయా?"

కార్జమంటే కాలేయమని ఆమెకు తెలుసు. నవ్వింది. తరువాత నవ్వు ఆపి, అవుతాయన్నది. ఇంకా మించిపోలేదని, తీపి మానితే, ముఖ్యంగా తాగే తీపి మానితే, రోజూ నడిస్తే, రాత్రిపూట ఫోను ఇంకొకరికి అప్పగించి నిద్రపోతే, కాలేయం మళ్ళీ బాగుపడుతుందని చెప్పింది. లేకపోతే అది గట్టిపడి, చివరకు తాగినవాడి కడుపులాగానే ఉబ్బుతుంది. అంతకంటె ముందు గుండెకే ముప్పు రావచ్చునన్నది.

బయటికి వచ్చాక ఎండలో కారు దగ్గర నిలబడి, ఇది ఎక్కడా బయటపడకూడదని నన్ను అడిగాడు. కార్జం చెడ్డదన్న మాట వింటే చాలు, మందేనంటారు. తనకు తెలియదా, నిన్నటిదాకా తాను కూడా అలాగే అనుకునేవాడు. తన మాట మీద నిలబడి మానినవారంతా, ఈయనే చాటుగా తాగుతున్నాడనుకుంటే ఆ మాటకు ఇక విలువేముంది? లింగన్న ఇప్పుడిప్పుడే గట్టిపడ్డాడు. జబ్బు సంగతి చెబుతున్నప్పుడు లేని భయం ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతులో వినిపించింది.

ఆ శుక్రవారం బకెట్టుతో వచ్చాడు గాని ఆయన చేతిలో గ్లాసు లేదు. పోశాడు, ముందుకు సాగాడు. ఎందుకు తాగలేదని అడిగితే పన్ను నొప్పి అన్నాడు. మరుసటి వారం ఒక్కపొద్దు అన్నాడు. ఆ పై వారం లింగన్న గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, "ఏంది కాకా, మాకు పోసి నువ్వు సూస్తవ్? ఇసం గిట్ల కలిపినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. కాని ఆనాడు సగం గ్లాసులు నిండుగా వెనక్కు వెళ్ళాయి. కలిసి తాగినన్నాళ్ళూ అది షర్బత్. ఒక్కరే తాగవలసి వచ్చేసరికి అది నిజంగానే రోగికి ఇచ్చే పథ్యమైపోయింది. ఆయన భయపడింది అదే.

దాచిన సంగతి ఎన్నాళ్ళు దాగుతుంది? క్యాంపులో ఎవరో అదే ఆసుపత్రికి వెళ్ళి ఆయనను అక్కడ చూశారు. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నాడో కూడా చూశారు. కాక కార్జం ఖరాబైందట అన్న మాట ఒక్క పూటలో గదులన్నీ తిరిగింది. ఆ వారం మొదటి హారను మోగినప్పుడు లింగన్న చాప ఖాళీగా ఉంది. మాకు తీపి పోసి ఆయన చాటుగా చేదు పోసుకున్నాడని, ఇక నీతులు ఎవరికి కావాలని అంటూ బండెక్కాడని వంటవాడు నాకు చెప్పాడు. ఆ మాట కాకకు నాకంటె ముందే చేరింది.

మర్నాడు సాయంత్రం ఆయన మా బాల్కనీలోకి వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ తాగుతానన్నాడు. మందు కాదు, షర్బత్. వారానికి ఒక పూట తనూ వాళ్ళతో తాగితే ఏమవుతుంది, లింగన్న తిరిగి వస్తాడు కదా అన్నాడు. తన ఒక్క కార్జం పోతే పోనీ అన్నాడు. డాక్టరమ్మ చెప్పినదంతా నేను మళ్ళీ చెప్పాను. మానిన కారణం దాచటం వల్లనే అనుమానం పుట్టిందని, ఉన్నదున్నట్టు అందరి ఎదుటా చెప్పటమే మంచిదని కూడా అన్నాను. నమ్మకపోతే అన్నాడు. 

శుక్రవారం వచ్చింది. లింగన్న హాలులోకి వచ్చాడు గాని కూర్చోలేదు. వాకిలికి ఆనుకుని, హారను వినబడితే చాలు పోవటానికన్నట్టు నిలబడ్డాడు. నేను శ్లోకం చదివి కథ ఎత్తుకోబోతుండగా కాక చేయెత్తి నన్ను ఆపి, లేచి నడుమకు వచ్చాడు. ఆయన పదిమందిలో మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ఒక్కొక్కరితో మాట్లాడటమే ఆయన పద్ధతి.

"నా కార్జానికి కొవ్వు వట్టింది. మీరిన్నది నిజమే" అన్నాడు. "మందుతోని కాదు. మీతోని కూసోని తాగిన తీపితోని వట్టింది. డాక్టరమ్మ చెప్పింది, సారు ఇన్నడు. మీకు సుత గదే పోసిన ఇన్నేండ్లు. మంచిదనుకొని పోసిన. నాకు తెల్వలే."

 ఎవరో దగ్గారు. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. అప్పుడు లింగన్న వాకిలి వదిలి చాపల మధ్యనుంచి నడిచివచ్చి, ఆయనకు ఎదురుగా నిలిచాడు.

"ఊదు కాకా" అన్నాడు.

రాత్రిపూట గేటులోకి వచ్చేవాళ్ళను అనుమానం కలిగితే కాపలావాడు అనే మాట అది. మొహం మీద ఊదమని, వాసన చూసి, పేరు రాసుకుని లోపలికి వదులుతాడు. పడుకోవటానికి మంచం ఇచ్చినవాణ్ణి, జ్వరం వస్తే ఆసుపత్రికి మోసుకుపోయినవాణ్ణి, ఒక క్యాంపుకంతటికీ పెద్దవాణ్ణి, ఆ మాట ఎవరూ అనలేదు, అనరు. ఇద్దరు ముగ్గురు లేచి లింగన్న చేయి పట్టి వెనక్కు లాగబోయారు. కాక వారించాడు. లింగన్న చాలా పొడగరి. కాక మునివేళ్ళ మీద లేచి, గుండెనిండా గాలి పీల్చి, లింగన్న ముఖం మీద ఊదాడు. లింగన్న కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. గేటు బయట హారను మోగింది. ఎవరూ తల తిప్పలేదు.

"ఉల్లిగడ్డ వాసన. గంతే" అన్నాడు లింగన్న.

హాలులో సగంమంది నవ్వారు, మిగిలిన సగంమంది ముఖాలు దించుకున్నారు. లింగన్న వెళ్ళి తన చాప మీద కూర్చుని, చెప్పుర్రి సారూ అన్నాడు. ఆనాడు నేనేమి చెప్పానో నాకు జ్ఞాపకం లేదు.

ఆ తరువాత బకెట్టులో అల్లమూ పచ్చిమిరపకాయా నూరి కలిపిన ఉప్పుమజ్జిగ వచ్చింది. కాక మళ్ళీ గ్లాసు చేతపట్టి, ముందు తాను తాగి, పోయటం మొదలుపెట్టాడు. మొదటి గుటక తాగి, దీనికంటె బండెక్కుడే నయముండె అన్నాడు లింగన్న. అన్నాడే గాని తాగాడు. లింగన్న ఆ తరువాత ఎన్నడూ బండెక్కలేదని నేను రాస్తే అది అబద్ధమవుతుంది. రెండుసార్లో మూడుసార్లో ఎక్కాడు, దిగాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కాక ఏమీ అనలేదు. మజ్జిగ పోశాడు.

ఏడాదికి ఆయన పొట్ట తగ్గింది. స్కానింగులో కాలేయం మునుపటికంటె బాగున్నదని డాక్టరమ్మ సంతోషించింది. తీపి మానటం ఆయనకు కష్టమే అయినా చేతనైంది. చేతకానిది ఫోను మానటం. ఆ రోజుల్లోనే కంపెనీ పరిస్థితి దిగజారింది. పనిచోట్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి, ముదీర్లు మారారు, వచ్చిన ప్రతి కొత్తవాడూ పాతవానికంటె గట్టిగా అరిచేవాడు. ఎవరిని ఉంచుతారో, ఎవరిని ఖలాస్ చేసి ఇంటికి పంపుతారో తెలియక, మనుషులు పగలూ రాత్రీ ఆయననే అడిగేవారు. ఆయనకూ తెలియదు. తెలియదని చెప్పటానికైనా ఫోను ఎత్తాలి కదా అనేవాడు. రాత్రికి ఫోను ఇంకొకరికి అప్పగించి పడుకోమని డాక్టరమ్మ చెప్పిందని గుర్తుచేస్తే, నేను ఇచ్చేస్తే వాళ్ళు యాడికి పోతరు సారూ అనేవాడు. ఇప్పుడు బుగ్గన తీపి కూడా లేదు. తిట్లు మెత్తబడకుండానే లోపలికి పోయేవి.

రెండవ చలికాలంలో ఒకనాటి వేకువన, బస్సులన్నిటినీ సాగనంపి, గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. కంపెనీవారు శవాన్ని స్వగ్రామానికి పంపుతూ, తోడుగా లింగన్నను పంపారు.

నెల తరువాత తిరిగివచ్చి లింగన్న మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. అడగకుండానే చెప్పాడు.

మూడవనాడు మట్టిచేసినచోట, పోయినవానికి ఇష్టమైనవి వండిపెట్టి, ఇష్టంగా తాగినది పోసి రావటం వాళ్ళ ఆచారం. కాక బావమరిది పట్నందాకా పోయి ఖరీదైన మందుసీసా ఒకటి తెచ్చాడట. కార్జం చెడిందన్న సంగతి ఎలాగో ఊరికి కూడా చేరింది. ఎగతాళికి తెచ్చింది కాదు. బావ మీది ప్రేమకొద్దీ తెచ్చాడు. దుబాయ్‌లో ఏది తాగేవాడో తెలియదు గాని మంచిదే తెచ్చానని, అంత ఇష్టపడ్డవానికి చుక్క పోయకపోతే ఆత్మ ఊరుకుంటుందా అని, అందరి ఎదుటా సీసా మూత తిప్పబోయాడట. కాక భార్య తల ఎత్తలేదట. ఊరంతా అన్న మాట ఆమె కూడా నమ్మిందో, నమ్మక ఏమీ అనలేక ఊరుకున్నదో తనకు తెలియలేదన్నాడు లింగన్న.

"అప్పుడు చెప్పిన సారూ. సీసా వట్టుకొని ఆపి చెప్పిన. ఈయిన నోరు నేను వాసన సూసిన. వందమందిల నిలవెట్టి ఊదుమన్న. ఊదిండు. నాసొంటి తాగుబోతు ఊదుమంటె ఊదిండు. ఏం లేకుండె."

 బావమరిది సీసా వెనక్కు తీసుకున్నాడు. మరి ఆయనకేమిష్టమని ఒక ముసలామె అడిగిందట. తీపి అన్నాడు లింగన్న. అని, వెంటనే, గని డాక్టరమ్మ వద్దన్నది అన్నాడు. అప్పుడు కాక భార్య తల ఎత్తి, ఆనాడు మొదటిసారి మాట్లాడిందట.

"పెట్టు తమ్మీ. ఇగ ఏ డాక్టరు ఏమంటది."

ఆమె ఇంటికి మనిషిని పంపి పాయసం చేయించి తెప్పించింది. తన చేత్తోనే పెట్టింది.

ఆ సీసా ఏమైందని నేను అడిగాను. లింగన్న కొంచెం నవ్వాడు.

"సాయంత్రం సుట్టాలు తాగిన్రు సారూ, అబద్ధమెందుకు. గని ఆయిన పేరు మీద ఎవ్వడు సుక్క సుత పొయ్యలే."